పుత్రశోకము - స్మృతిరచన: మూడు గ్రంథముల పరిశీలనము

1

శోకము కావ్యమునకు మూలమని మన ఆలంకారికులు చెప్పిరి. క్రౌంచవధను గాంచిన వాల్మీకి శోకమే శ్లోకరూపమును దాల్చినదని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోక ప్రథమోద్ద్యోతమున ఐదవ కారికలో ప్రస్తావించెను. దానికి లోచనవ్యాఖ్య రచించిన అభినవగుప్తుడు ఇచట నొక హెచ్చరిక చేసెను. ఆ శోకమును మునియొక్క స్వకీయశోకముగా భావింపరాదనియు, ముని తానే దుఃఖపీడితుడైనచో రసము కావ్యాత్మయను మాటకు అవకాశముండదనియు, దుఃఖమున మునిగినవానికి కావ్యరచన పొసగదనియు ఆతని యాశయము. లౌకికశోకము వేఱు, కరుణరసము వేఱు. మొదటిది బాధించును, రెండవది ఆస్వాద్యమగును. ఈ భేదమును గుర్తింపనివాడు విలాపమును కావ్యమనియు, కావ్యమును విలాపమనియు భ్రమించును.

సిద్ధాంతమింతవఱకు స్పష్టమే. కాని కన్నబిడ్డను గోల్పోయిన తల్లియో తండ్రియో ఆ బిడ్డనుగూర్చియే ఒక గ్రంథము వ్రాసినచో విమర్శకుడు దానినేమనవలెను? అందలి శోకము నిస్సందేహముగా స్వకీయము. పాత్ర కల్పితము కాదు. మరణము జరిగిన తేదీ కలదు. దానిని కావ్యలక్షణములతో కొలుచుట న్యాయమా? కొలువక విడుచుట గౌరవమా? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము వెదకుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఈ ప్రశ్న మాకు గ్రంథములనుండి పుట్టలేదు. కొన్నేండ్లక్రిందట ఒక గ్రామపాఠశాలలో తెలుగు చెప్పుచున్న ఉపాధ్యాయుడొకరు మాయొద్దకు ఒక వ్రాతప్రతిని తెచ్చిరి. ఆయన నాలుగేండ్ల కుమారుడు నీమన్ - పిక్ అను అరుదైన వ్యాధిచే మరణించెను. బిడ్డ పోయి ఏడాది నిండునాడు బంధుమిత్రులకు పంచిపెట్టుటకై ఆయన నూఱు తేటగీతులు రచించి, వానికి పీఠిక కోరిరి. “అయ్యా, వాడి పేరుమీద చెయ్యడానికి మాకు ఇంకేమీ లేదండి” అని మాత్రము చెప్పిరి. మేము ప్రతిని వారముదినములుంచుకొని చదివి, అంచులలో పెన్సిలుతో గుర్తులుపెట్టి తిరిగి యిచ్చితిమి. ఒక పద్యమున వ్యాధి పేరు పాదారంభమున నిలిచియుండెను. నీమన్ - పిక్ అనునపుడు మూడు గురువులు వరుసగా వచ్చును. తేటగీతి పాదము సూర్యగణముతో నారంభము కావలెను. సూర్యేంద్రగణములలో మూడు గురువుల గణమే లేదు. అంచున ‘గణభంగము’ అని వ్రాసితిమి. పద్యములు ఇంకను సంస్కరింపవలసియున్నవని చెప్పి పీఠిక వ్రాయక తప్పించుకొంటిమి. ఆయన మాఱు పలుకక తీసికొనిపోయిరి. తరువాత పీఠిక లేకయే ముద్రితమైన ఒక ప్రతి మాకు తపాలాలో వచ్చెను. తక్కిన తప్పులలో పెక్కింటిని ఆయన దిద్దుకొనిరి. ఆ ఒక్క పాదమును మాత్రము ముట్టలేదు.

ఆ పాదమేల ముట్టలేదను విషయము మాకు వెంటనే బోధపడలేదు. ఇతరభాషలలో ఇట్టి సందర్భమున పుట్టిన గ్రంథములను కొన్నిటిని చదివినపిదప కొంత తెలిసినది. వానిలో మూడింటిని ఇచట పరిశీలింతుము.

2

ముందుగా ఈ శోకమునకుగల రెండు విశేషములను గుర్తింపవలెను.

లోకక్రమమున తల్లిదండ్రులకు బిడ్డలు తిలోదకములిత్తురు. ఈ క్రమము తలక్రిందులైనపుడు శాస్త్రము చెప్పునది మిక్కిలి తక్కువ. రెండేండ్లు నిండని శిశువునకు దహనసంస్కారముగాని ఉదకక్రియగాని లేదని మనుస్మృతి పంచమాధ్యాయము విధించుచున్నది. చనిపోయినవాడు ఎంత చిన్నవాడైన, బ్రతికియున్నవారికి చేయుటకు అంత తక్కువ కర్మ మిగులును. భాషయందును ఇట్టి లోటే కనబడును. భర్తను గోల్పోయిన స్త్రీకి, భార్యను గోల్పోయిన పురుషునకు, తల్లిదండ్రులను గోల్పోయిన శిశువునకు మాటలు కలవు. బిడ్డను గోల్పోయినవారిని పిలుచుటకు తెలుగు వ్యవహారమున ఒక్కమాట లేదు. సంస్కృతమున ‘మృతవత్స’ యను పదమున్నను, అది వైద్యగ్రంథములలో బిడ్డలు దక్కని స్త్రీని గుర్తించుటకు ఉపయోగపడినదే కాని తండ్రికి చెల్లదు. మనకున్న ‘కడుపుకోత’, ‘గర్భశోకము’ అనునవి బాధను చెప్పునే కాని బాధపడువారిని పిలువవు. అవియు తల్లి శరీరమును బట్టి యేర్పడినవి. కర్మయు, పేరును లేనిచోట మనుష్యుడు తానే ఒక కర్మను కల్పించుకొనును. ‘వాడి పేరుమీద చెయ్యడానికి’ అన్న ఆ యుపాధ్యాయుని మాటలో ‘చెయ్యడం’ అను క్రియ మేము ఆనాడు గమనింపలేదు. పుస్తకము ఆయనకు కావ్యము కాకముందు కర్మ.

రెండవ విశేషము వ్యాధిని బట్టి వచ్చునది. మశూచియనియో, కలరాయనియో, సన్నిపాతమనియో చెప్పినంతనే ఊరివారికి అర్థమగును. వారి యిండ్లలోను అట్టి మరణములుండును. అరుదైన వ్యాధిచే బిడ్డ మరణించినపుడు ఆ పేరే ఎవరును వినియుండరు. తల్లిదండ్రులు ఓదార్పు పొందుటకు ముందు వివరణము చెప్పవలసివచ్చును. ఇట్లు స్మృతిరచనకు రెండు భారములు ఏర్పడుచున్నవి: వ్యాధిని చెప్పవలెను, బిడ్డను చూపవలెను. మొదటిది రెండవదానిని మ్రింగివేయుటకు అవకాశమెక్కువ. కావున ఇట్టి గ్రంథమును చదువునపుడు విమర్శకుడు మొదట అడుగవలసినది ఒక్కటే: బిడ్డ కనబడుచున్నదా?

3

మొదటి గ్రంథము అమెరికా పత్రికారచయిత జాన్ గంథర్ 1949లో ప్రకటించిన ‘డెత్ బీ నాట్ ప్రౌడ్’. పేరు ఆంగ్లకవి జాన్ డన్ సానెట్టునుండి గ్రహింపబడినది. గంథర్ 1936 నాటి ‘ఇన్‌సైడ్ యూరప్’ మొదలుగా ఖండఖండాంతరముల రాజకీయములను వర్ణించి ప్రసిద్ధిగాంచినవాడు. ఆతని కుమారుడు జానీకి 1946లో మెదడులో కంతి బయలుపడెను. అది గ్లయోబ్లాస్టోమా యను ప్రాణాంతకమైన జాతికి చెందినది. ఆ వయసువారికి అరుదుగా వచ్చునది. సుమారు పదునైదు మాసములు పోరాడి, 1947 జూన్ 30వ తేదీన పదునేడవయేట జానీ మరణించెను.

గ్రంథమున మూడు కంఠములు వినబడును. అధికభాగము తండ్రి కథనము. తరువాత జానీ వ్రాసిన లేఖలు, దినచర్యలోని భాగములు. చివర తల్లి ఫ్రాన్సెస్ పలికిన కొలదిమాటలు. జానీ వ్యాధి బయటపడుటకు ముందే తల్లిదండ్రులు విడాకులు పొందియుండిరి. ఆ సంగతిని గంథర్ దాచలేదు, దానిపై వ్యాఖ్యానింపలేదు. బిడ్డ మంచముచెంత ఇరువురును మరల కలిసి నిలిచిరని మనకు కథనమువలననే తెలియును.

గంథర్ శైలి పత్రికారచయిత శైలి. వైద్యులెవరు, ఏ చికిత్స ఎన్నడు చేసిరి, ఏది ఫలింపలేదు అని వరుసగా చెప్పుకొనిపోవును. శస్త్రచికిత్సలు, కిరణచికిత్స, అపుడే ప్రయోగదశలోనున్న నైట్రోజన్ మస్టర్డ్ ఔషధము, కఠినమైన ఆహారనియమముతోకూడిన మఱొక చికిత్స - ఒకటి విడిచి యొకటి. ఈ పట్టికలు చదువరిని అలసింపజేయుననుట నిజమే. వైద్యుల పేర్లు గుర్తుంచుకొనుటయు కష్టము. ఇది గ్రంథమున దోషమని మొదట మాకు తోచినది. కాని తండ్రి చేయగలిగినదంతయు ఆ పట్టికయే యని గ్రహించినపుడు అది వేఱొక రీతిగా కనబడును. దేశదేశముల అధినేతలను కలిసి ప్రశ్నింపగలిగిన మనుష్యుడు తన యింటి విషయమున ఒక్క ప్రశ్నకును సమాధానము రాబట్టలేకపోయెను. ఆ యశక్తతను ఆతడు విశేషణములతో చెప్పలేదు, పట్టికతో చెప్పెను.

ఈ గ్రంథమున స్థాయి కేవలము శోకము కాదు. జానీవైపునుండి చూచినచో ఉత్సాహము స్థాయి, అనగా వీరము. వ్యాధితోనుండియే ఆ బాలుడు రసాయనప్రయోగములు చేసెను. తప్పిపోయిన పాఠములను పూర్తిచేసెను. మరణమునకు కొలదివారములముందు తలకు కట్టుతోనే డీర్‌ఫీల్డు పాఠశాల పట్టప్రదానోత్సవమున తోడివారితో నడచి వెళ్లి పత్రమునందుకొనెను. ఆ ఘట్టమున గంథర్ వాక్యములు మఱింత పొట్టివగును. ఇచట తెలుగు చదువరికి అభిమన్యుడు స్మరణకు వచ్చుట సహజము. ఇరువురును ఇంచుమించు ఒకే యీడువారు; ఇరువురును ప్రవేశమేగాని నిర్గమము లేని వ్యూహమున నిలిచినవారు. కరుణమునకు వీరము అంగమైనపుడు శోకము దైన్యముగా జాఱిపోదని ఆలంకారికులెఱిగిన సత్యమే ఇచట నిరూపితమైనది. తల్లి మాటలు దీనికి పరిపూరకములు. జానీని ఇంకను ఎక్కువగా ప్రేమించియుండవలసినదని ఆమె అనుకొనును. తండ్రి చికిత్సలను లెక్కించెను. తల్లి ప్రేమను లెక్కించి చాలలేదనుకొనెను. రెండు లెక్కలును పక్కపక్కన నిలుచుటచేతనే గ్రంథము నిండినది.

బిడ్డ కనబడుచున్నదా యను ప్రశ్నకు ఈ గ్రంథము అవుననియే చెప్పును. తన మాటలలోనే జానీ మనకు దొరకుచున్నాడు.

4

రెండవది యూదు మతాచార్యుడు హెరాల్డ్ కుష్నర్ 1981లో ప్రకటించిన ‘వెన్ బ్యాడ్ థింగ్స్ హ్యాపెన్ టు గుడ్ పీపుల్’. ఆతని కుమారుడు ఆరన్ ప్రొజీరియా యను వ్యాధితో జన్మించెను. బాల్యమునందే శరీరమునకు వార్ధక్యలక్షణములు ప్రాప్తించు ఈ వ్యాధిని 1886లో జొనాథన్ హచిన్‌సన్, తరువాత హేస్టింగ్స్ గిల్‌ఫర్డ్ వర్ణించిరి. సుమారు 40 లక్షల జననములలో ఒకటిగా ఇది కనబడునని అంచనా. ఆరన్‌కు మూడేండ్ల వయసున వ్యాధి నిర్ణయమయ్యెను. జుట్టు రాలిపోవుననియు, మూడడుగులకు మించి ఎదుగడనియు, పదుమూడు పదునాలుగేండ్లకు మించి బ్రతుకడనియు వైద్యుడు తల్లిదండ్రులకు తెలిపెను. అట్లే 1977లో పదునాలుగవ జన్మదినము గడచిన రెండుదినములకు ఆరన్ మరణించెను.

తాను ఇంత స్వల్పకాలమే బ్రతికినందున లోకము తన్ను మఱచిపోవునేమోయని ఆ బాలుడు భయపడినట్లును, వాని కథను చెప్పుదుమని తల్లిదండ్రులు మాట యిచ్చినట్లును కుష్నర్ చెప్పియుండెను. అనగా ఈ గ్రంథము ఒక ఋణవిమోచనము. కాని చదువ మొదలిడినవారికి ఒక ఆశ్చర్యము కలుగును. ఆరన్ ప్రారంభపుటలలో కనబడి, తరువాత దాదాపుగా మఱుగుపడును. గ్రంథమంతయు ఒక వాదము. కుష్నర్ బైబిలులోని యోబు గ్రంథమును ఆధారముగా గైకొనును. దేవుడు సర్వశక్తుడు, దేవుడు న్యాయమూర్తి, యోబు నిర్దోషి - ఈ మూడు వాక్యములును ఒక్కసారిగా నిలువజాలవు. యోబు మిత్రులు మూడవదానిని విడిచి, అతడేదో పాపము చేసియుండవలెనని నిర్ణయించిరి. కుష్నర్ మొదటిదానిని విడుచును. దేవుడు న్యాయమూర్తియే కాని, జరుగువానినన్నిటిని ఆతడు నియమింపడు. బిడ్డకు వ్యాధిని పంపినది ఆతడు కాడు. గ్రంథనామమున ‘ఎందుకు’ అను పదము లేదనియు, ‘ఎపుడు’ అను పదమే కలదనియు గమనింపవలెను. కారణమన్వేషించుట కాదు, కష్టము వచ్చినపుడేమిచేయుట యనునదే ఆతని ప్రశ్న.

ఈ సిద్ధాంతమును మన కర్మసిద్ధాంతముతో పోల్చిచూచుట ఉపయుక్తము. పూర్వజన్మకృతమను వివరణము మూడు వాక్యములను మూడింటిని నిలుపుకొనును. కాని కారణమును కనబడని జన్మమునకు త్రోసివేయును. ఆ వివరణము కొందఱు తల్లిదండ్రులకు ఊరటనిచ్చునేమో కాని, పరామర్శకు వచ్చినవారి నోట అదియే యోబు మిత్రుల మాటగా మాఱుటయు మనమెఱిగినదే. ‘ఏ జన్మలో ఏమి చేసికొంటిమో’ యని తల్లి తనలో ననుకొనుట వేఱు. పొరుగింటివారు ఆమెతో ననుట వేఱు. కుష్నర్ గ్రంథముయొక్క ధర్మకోపమంతయు ఈ రెండవదానిపైననే. కావుననే అది ఆతని మతమునకు చెందనివారిని సైతము చేరగలిగినది.

అయినను మన ప్రశ్న నిలిచియున్నది. ఎవని కథను చెప్పుదునని మాట యిచ్చెనో ఆ బాలుని రూపము, పలుకు, ఆట మనకు చాలినంత దొరకవు. ఋణము వాదరూపమున తీర్చబడినది. కథారూపమున కొంత మిగిలిపోయినది. ఈ లోపమును గ్రంథాంతమున ఒక్క ఘట్టము చాలవఱకు సవరించును. ఆరన్ జీవితమువలనను మరణమువలనను తాను మఱింత దయగల మనుష్యుడనైతిననియు, మంచి ఆచార్యుడనైతిననియు ఒప్పుకొని, ఆ లాభమంతయు విడిచి ఆ బిడ్డను తిరిగి పొందగల్గినచో క్షణమైన ఆలోచింపక విడిచెదనని కుష్నర్ చెప్పును. కాని యెన్నుకొను అవకాశము తనకు లేదనును. శోకమువలన వివేకము కలుగునని చెప్పి ముగించుట ఏ బోధకునకైనను సులభము. అట్లు ముగింపక, ఆ వివేకముకంటె బిడ్డయే విలువైనవాడని చెప్పుటలో గ్రంథకర్త తండ్రిగా నిలిచినాడు. వాదమంతయు ఈ వాక్యమునకు పీఠికయని మా యభిప్రాయము.

5

మూడవది చిలీ దేశపు నవలారచయిత్రి ఇసబెల్ అయెందే 1994లో స్పానిష్ భాషలో ప్రకటించిన ‘పౌలా’. ఆమె కుమార్తె పౌలా 1991 డిసెంబరులో మాడ్రిడ్ నగరమున పోర్ఫీరియా వ్యాధి తీవ్రమై స్పృహ గోల్పోయెను. రక్తమునందలి హీమ్ అను పదార్థము తయారగుటలో వంశపారంపర్యమైన లోపమువలన కలుగు అరుదైన వ్యాధి యిది. పౌలా మరల మేల్కొనలేదు. 1992 డిసెంబరు 6వ తేదీన, కాలిఫోర్నియాలో తల్లి యింట, ఇరువదితొమ్మిదవయేట మరణించెను. ఈ బిడ్డ పసిబిడ్డ కాదు, వివాహిత. కాని మంచమున పడియున్న ఆమెను తల్లి మరల పసిబిడ్డనువలె సాకవలసివచ్చినది.

గ్రంథము లేఖగా ఆరంభమైనది. కుమార్తె మేల్కొనునపుడు తానెవరో, ఎచటనున్నదో తెలియక కలతపడకుండునట్లు, వంశకథనంతయు చెప్పిపెట్టుటకై తల్లి ఆసుపత్రిలో కూర్చుండి వ్రాయ మొదలిడెను. తాతలు, అవ్వలు, చిలీలో 1973 నాటి సైనికతిరుగుబాటు, వెనెజులాకు ప్రవాసము, తన వివాహములు, తన గ్రంథములు - అన్నియు అందు వచ్చును. ఆమె మొదటి నవల ‘ది హౌస్ ఆఫ్ ది స్పిరిట్స్’ కూడ మరణశయ్యపైనున్న తాతకు వ్రాసిన లేఖగనే ఆరంభమైనదని తెలిసినవారికి ఈ పద్ధతి ఆమెకు సహజమని తోచును.

రెండుభాగములుగానున్న ఈ గ్రంథమున రెండవభాగము 1992 మేనెలలో మొదలగును. అప్పటికి కుమార్తె మెదడు కోలుకొనజాలనట్లు దెబ్బతిన్నదని తల్లికి తెలిసిపోయినది. మేల్కొనినపుడు చదువుకొనుటకై వ్రాసిన లేఖకు ఇక చదువరి లేదు. కథకురాలు ఆ మాట చెప్పియు వ్రాయుట మానదు. అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పవలెనన్న, గ్రంథమధ్యమున ఆలంబనవిభావమే మాఱిపోయినది. మొదట పౌలా సంబోధ్య, వినవలసిన వ్యక్తి. తరువాత ఆమె వర్ణ్యమై, వినువాడు సహృదయుడగుచున్నాడు. లేఖ కావ్యముగా మాఱు క్షణమును ఇంత స్పష్టముగా పట్టియిచ్చిన రచన మఱొకటి మేము చదువలేదు. ఆ మార్పు రచయిత్రి కోరి చేసినది కాదు, వ్యాధి చేసినది.

ఈ గ్రంథముపై ఆక్షేపణ చేయవచ్చును. తల్లి కథ కూతురి కథను కప్పివేయుచున్నది. కథాకథనప్రౌఢిమ గల రచయిత్రి యగుటచే వంశకథలలోని వింతలు చదువరిని ఆకర్షించి, ఆసుపత్రి మంచమును మఱపించును. పౌలా గుణములు చెప్పబడినంతగా ఆమె పొరపాట్లు చెప్పబడలేదు. జానీ మనకు మనుష్యుడుగా కనబడినంత పౌలా కనబడదు, కొంత దేవతయగుచున్నది. ఈ యాక్షేపణలు నిజమే. అయినను ఒక్క సమాధానము కలదు. స్పృహలేని బిడ్డ ప్రక్కన కూర్చున్న తల్లి తనకు తెలిసిన కథలన్నియు చెప్పుటలో ఆశ్చర్యమేమి? జోలపాటలో బిడ్డకంటె తల్లియే ఎక్కువగా కనబడును. గ్రంథముయొక్క అవ్యవస్థ అంతయు ఆ మెలకువలోనిది.

6

ఇపుడు మొదటి ప్రశ్నకు రావచ్చును. దుఃఖితుడు వ్రాయజాలడన్న అభినవగుప్తుని మాటకు ఈ గ్రంథములు విరుద్ధములా?

మాకు అట్లు తోచదు. ముగ్గురును దుఃఖమునకు తమకు నడుమ ఏదో యొకదానిని నిలిపికొనిరి. గంథర్ పట్టికను, కుష్నర్ వాదమును, అయెందే వంశకథను. శోకమును చూచుటకు ఎడమ కావలెను. ఆ యెడమను వారు తమ వృత్తులనుండి తెచ్చుకొనిరి. పత్రికారచయిత పత్రికారచయితగను, ఆచార్యుడు ఆచార్యుడుగను, నవలారచయిత్రి నవలారచయిత్రిగను దుఃఖించిరి. అంతవఱకు లోచనకారుని మాట నిలిచినది.

కాని ఒక్కచోట స్మృతిరచన కావ్యమునుండి విడిపోవుచున్నది. కావ్యమున విభావాదులు సాధారణీకృతములు కావలెను. అజవిలాపమును చదువునపుడు ఇందుమతి రఘువంశపు కోడలు అను స్పృహ తొలగి, ప్రియావియోగము మాత్రము మిగులును, రసమునకదియే మార్గము. స్మృతిరచనయందు అది పూర్తిగా జరుగరాదు. బిడ్డ ‘ఏదో యొక బిడ్డ’గా మాఱిపోయినచో, తల్లిదండ్రులు వ్రాసినది మంచి కావ్యమగునేమో కాని వారు చేయదలచిన పని జరుగదు. కావున ఇట్టి రచనయందు సాధారణీకరణమునకు లొంగని శేషమొకటి ఎప్పుడును మిగులవలెను: ఒక తేదీ, ఒక కట్టు కట్టిన తల, ఒక వ్యాధి పేరు. రసదృష్టితో అది మలినము. స్మృతిదృష్టితో అదియే ప్రాణము. ఈ శేషమునెంత నిలుపుకొనెననునది స్మృతిరచనకు మొదటి గీటురాయి.

రెండవ గీటురాయి మన సాహిత్యమునుండియే లభించును. మన పురాణకథలు చనిపోయిన బిడ్డలను తిరిగి యిచ్చుటకు ఇష్టపడినవి. గౌరన హరిశ్చంద్ర ద్విపదలో, కన్నతండ్రియే కాటికాపరియై కాటిసుంకమడిగిన ఘోరసన్నివేశమునకు పిదప లోహితాస్యుడు లేచి కూర్చుండెను. హరవిలాసమున సిరియాళుడు పిలిచిన పలికెను. సాందీపని కొడుకు యమలోకమునుండి వచ్చెను. తిరిగిరాని బిడ్డలను గూర్చిన శోకమును చూడవలెనన్న మహాభారతమునకు, అందును తిక్కన స్త్రీపర్వమునకు పోవలెను. అచట గాంధారి యుద్ధభూమిని చూచుచు తన కొడుకులకొఱకు మాత్రమే ఏడ్వదు. శత్రుపక్షమువాడైన అభిమన్యుని, అతనిపై వ్రాలిన ఉత్తరను చూచును. కర్ణుని భార్యను, ద్రోణుని కృపిని చూచును. నూర్వురు కొడుకులను గోల్పోయిన తల్లి చూపు ఇతరుల కొడుకులపై నిలుచుటయే ఆ పర్వముయొక్క మహత్త్వము. స్వశోకమువలన పరశోకమును చూడగలుగుట సాధారణీకరణముకంటె భిన్నమైనది. ఇందు తన బిడ్డ పేరు చెఱగదు. ఇతర బిడ్డల పేర్లు దానిప్రక్కన చేరును.

ఈ గీటురాయిపై కుష్నర్ గ్రంథము ముందు నిలుచును. ఆతడు వ్రాసినది ఇతర తల్లిదండ్రులకొఱకే. అయెందే తన కుమార్తె పేర 1996లో ఒక ధర్మసంస్థను స్థాపించి, స్త్రీలకును బాలికలకును సాయము చేయ మొదలిడెను. ప్రొజీరియా విషయమున పరశోకదర్శనము గ్రంథమును దాటి శాస్త్రముగా పరిణమించిన ఉదాహరణము కలదు. శామ్ బర్న్స్ అను మఱొక బాలునకు ఈ వ్యాధి నిర్ణయమైనపుడు వైద్యులైన అతని తల్లిదండ్రులు తదితరులతో కలిసి 1999లో ఒక పరిశోధనసంస్థను నెలకొల్పిరి. 2003లో ఈ వ్యాధికి మూలమైన జన్యుదోషము కనుగొనబడెను. శామ్ 2014లో పదునేడవయేట మరణించెను. 2020లో ఈ వ్యాధికి మొదటి ఔషధముగా లోనాఫార్నిబ్‌ను అమెరికా ప్రభుత్వసంస్థ ఆమోదించెను. అది వ్యాధిని మాన్పదు. ఆయుర్దాయమును కొంత పొడిగించును. ఆరన్‌కు అందనిది, శామ్‌కు కొంతవఱకే అందినది, తరువాతి బిడ్డలకు అందినది. దీనిని సాహిత్యమనము, కాని స్త్రీపర్వమున గాంధారి చూపును మెచ్చిన మనము దీనికి సంబంధము లేదనియు ననజాలము.

7

ఆధునికాంధ్రమున స్మృతికావ్యములకు కొఱత లేదు. భార్యను గూర్చిన విశ్వనాథ ‘వరలక్ష్మీ త్రిశతి’, తల్లిని గూర్చిన నాయని ‘మాతృగీతాలు’ విమర్శకుల పరిశీలనము పొందినవి. బిడ్డలను గూర్చి తల్లిదండ్రులు వ్రాసి అచ్చువేయించిన చిన్నపుస్తకములు మాత్రము వెలలేక, విక్రయము లేక, బంధువుల యిండ్ల అల్మారాలలో మిగిలియున్నవి. మొదటిపుటలో బిడ్డ ఛాయాచిత్రము, క్రింద రెండు తేదీలు, తరువాత పద్యములు - ఇంతియే వాని స్వరూపము. వానిని గ్రంథాలయములు సేకరింపవు, సూచికలలో చేర్పవు, పరిశోధకులు ముట్టరు. పద్యములు బలహీనములన్నదే కారణమైనచో ఆ కారణము చాలదని ఈ వ్యాసము చెప్పుచున్నది. ఏ గీటురాయిపై అవి బలహీనములో, ఏ గీటురాయిపై బలవంతములో విచారించుట విమర్శకుని విధి. పరిశోధకవిద్యార్థులలో ఎవరైనను ఒక్క జిల్లాలోని ఇట్టి పుస్తకములను సేకరించి వర్ణనాత్మకసూచిక సిద్ధముచేసినను అది మంచి పని యగును.

చివరకు ఆ తేటగీతి పాదమును గూర్చి. నేర్పరియైన పద్యకర్త ఆ వ్యాధి పేరును రెండు గణములకు విఱిచి ఇముడ్చుకొనియుండును. మొదటి గురువును ఒక ఇంద్రగణము చివర నిలిపి, తక్కిన రెండు గురువులను తరువాతి తగణమున చేర్చినచో గణము తప్పదు. పద్యవిద్య తెలిసిన ఆ యుపాధ్యాయునకు ఇది తెలియదనుట నమ్మదగినది కాదు. తక్కిన పద్యములలో ఇంతకంటె కష్టమైన సవరణలు ఆయన చేసికొనిరి. ఆ పేరు తెలిసికొనుటకే ఆ తల్లిదండ్రులకు రెండేండ్లును, ఎన్నియో ఆసుపత్రుల మెట్లును పట్టినవని ఆయన ముద్రితప్రతిలోని నివేదనమున వ్రాసికొనిరి. ఇద్దఱు జర్మను వైద్యుల పేర్లు కలిసి ఏర్పడిన ఆ మాట వారికి కడపట దక్కిన సమాధానము. దానిని ఆయన విఱువలేదు. పద్యము దానికి చోటియ్యలేదు. ఆయన పద్యమునే తప్పించిరి.

మేము అంచున వ్రాసిన మాట ఛందశ్శాస్త్రరీత్యా తప్పు కాదు. గణభంగము గణభంగమే. కాని ఆ మాటతో ఆగిపోయి, ఆ పాదమేల అట్లున్నదని ఆయననడుగకపోవుట విమర్శలోపము. పీఠిక వ్రాయుటకు ఇపుడు అవకాశము లేదు. మాయొద్దనున్న ప్రతిని శాఖాగ్రంథాలయమున చేర్చి, సూచికలో స్మృతికావ్యముల శీర్షికక్రింద నమోదు చేయించితిమి.